పొరలుగా విడిపోయే ఓడ: మోర్గన్ హాఫ్ మోడల్ పని డైరీ

మొదటి మోడల్ పొయ్యిలోకి పోయింది. ఎందుకు పోయిందో దశ 2లో రాశాను. ఎవరైనా ఇదే పని మొదలుపెడుతుంటే ముందు అది చదివి, తర్వాత చెక్క కొనడానికి వెళ్ళండి.

ఓడ పేరు చార్ల్స్ డబ్ల్యూ. మోర్గన్. తిమింగలాల వేట కోసం న్యూ బెడ్‌ఫర్డ్‌లో జెత్రో, జకరయా హిల్‌మన్ అన్నదమ్ముల యార్డులో కట్టారు. 1841 జులై 21న నీళ్ళలోకి దించారు. 80 ఏళ్ళలో 37 వేట ప్రయాణాలు చేసి, ఇప్పుడు కనెక్టికట్‌లోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం దగ్గర నీళ్ళమీదే ఉంది. మొదట డోనల్డ్ మెకే కట్టిన ఫ్లయింగ్ క్లౌడ్ చేద్దామనుకున్నాను. 1851లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 89 రోజుల్లో చేరిన ఓడ కదా, మనసు అటే లాగింది. కానీ అది ఇప్పుడు లేదు. మోర్గన్ ఉంది. అనుమానం వస్తే కారేసుకుని వెళ్ళి చూడొచ్చు. రెండుసార్లు వెళ్ళాను కూడా.

హాఫ్ మోడల్ అంటే ఓడను ముందునుంచి వెనక్కి నిలువునా సగానికి కోస్తే వచ్చే ఒక పక్క. రెండో పక్క కూడా అలాగే ఉంటుంది కాబట్టి చెక్కడం దండగ. అప్పటి అమెరికన్ యార్డుల్లో ఇది గోడకి తగిలించే అలంకారం కాదు, ఓడ డిజైన్ అంటే ఇదే. మేస్త్రి దీన్ని చేత్తో చెక్కేవాడు, ఓడ యజమాని తడిమి చూసి సరేననేవాడు, ఆ చెక్కముక్క మీద తీసిన కొలతలతోనే ఓడ కట్టేవారు. నేను చేస్తున్నది తలకిందుల పని. ప్లాను ముందు, మోడల్ తర్వాత. లాభం ఏంటంటే, చివర్లో నా కొలతలు ప్లానుతో పోల్చి ఎక్కడ తప్పానో చూసుకోవచ్చు.

దశ 1: కొలతలు, చెక్క

స్కేలు: అడుగుకి పావు అంగుళం, అంటే 48కి ఒకటి.

1. పొడవు సుమారు 113 అడుగులు. మోడల్ మీద 28 1/4 అంగుళాలు.
2. వెడల్పు 27.7 అడుగులు. అందులో సగం 13.85 అడుగులు, మోడల్ మీద 3.46 అంగుళాలు.
3. ఒక్కో పొర మందం అర అంగుళం, అంటే అసలు ఓడలో రెండడుగులు. 11 పొరలకి 22 అడుగుల ఎత్తు వస్తుంది.

ఈ పొరల్నే లిఫ్టులంటారు. నేనూ ఇకనుంచి అదే మాట వాడతాను.

ఇక్కడే ఒక పొరపాటు చేయబోయి ఆగాను. 27.7 అడుగులు అనేది పై పలకలతో కలిపి. యార్డు మోడళ్ళు మామూలుగా పలకల లోపలి అంచు దాకానే ఉండేవి. ఎందుకంటే మోడల్ నుంచి తయారుచేయాల్సింది ఫ్రేములు (ఓడ పక్కటెముకలు), పలకలు తర్వాత వాటిమీద బిగిస్తారు. పలక మందం మూడంగుళాలు అనుకుంటే 48తో భాగిస్తే 1/16 అంగుళం. అంటే 3.46 కాస్తా 3.40 అయింది. మీరు గోడకి తగిలించుకోడానికే చేస్తుంటే ఈ తీసివేత అక్కర్లేదు. కొలతలు తీయాలనుకుంటే మాత్రం తప్పదు.

చెక్క: వైట్ పైన్, చెర్రీ. ఒక పొర తెలుపు, ఒక పొర ఎరుపు వస్తే నీటిగీతలు (ఒక్కో ఎత్తులో ఓడను అడ్డంగా కోస్తే వచ్చే అంచులు) వాటంతటవే కనిపిస్తాయని. ఆలోచన మంచిదే, చెర్రీయే తప్పు.

ఇప్పటిదాకా: 9 గంటలు, 112 డాలర్లు.

దశ 2: మొదటి మోడల్, రెండు తప్పులు

లిఫ్టులన్నీ కోసి, జిగురు రాసి, క్లాంపులు వేసి రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి రాయిలా అయింది. అప్పుడది చూసి సంబరపడ్డాను.

మొదటి తప్పు సాండ్ పేపర్ పట్టేటప్పుడు బయటపడింది. చెక్క గట్టితనం కొలిచే జాంకా లెక్కలో చెర్రీ 950, వైట్ పైన్ 380. ఒకే చేత్తో ఒకే ఒత్తిడితో రుద్దితే పైన్ కరిగిపోతోంది, చెర్రీ కదలట్లేదు. కంటికి నున్నగానే ఉంది. కళ్ళు మూసుకుని వేలు పైనుంచి కిందికి జారిస్తే మెట్లు తగులుతున్నాయి. కాలిపర్ పెడితే మెట్టు ఎత్తు 0.03 అంగుళం. 48తో గుణిస్తే దాదాపు ఒకటిన్నర అంగుళం. అంటే ఓడ పక్కన రెండడుగులు విడిచి రెండడుగులకి విబూది రేఖల్లా గట్లు.

రెండో తప్పు ఇంకా పెద్దది. కొలతలు తీద్దామని మోడల్ మీద రెండంగుళాలకి ఒకటి చొప్పున 13 స్టేషన్లు, అంటే ఓడకి అడ్డంగా కొలత గీతలు, గీసి, ఒక్కోచోట అట్టముక్క కత్తిరించి వంపుకి ఆనించి చూశాను. 5వ స్టేషన్ దగ్గర ఒకే ఎత్తులో మూడుసార్లు కొలిస్తే మూడు జవాబులు: 2.71, 2.74, 2.69. అసలు ఓడలో ఇది రెండంగుళాల పైచిలుకు తేడా. అట్ట వంగుతుంది, చెయ్యి వణుకుతుంది, అడ్డంగా పట్టుకున్నామో ఏటవాలుగా పట్టుకున్నామో తెలీదు.

లిఫ్టుల పద్ధతికి మూలపురుషుడిగా న్యూబరీపోర్ట్‌కి చెందిన ఒర్లాండో మెరిల్ పేరు చెబుతారు, 1794 నాటి మాట. నేను ఆ సంగతి చదివాను, పొరలుగా పేర్చడం గొప్ప అనుకున్నాను. అసలు కిటుకు పేర్చడంలో లేదు, మళ్ళీ విడదీయడంలో ఉంది. విడదీస్తే ఒక్కో లిఫ్టు అంచే ఒక నీటిగీత. కాగితం మీద పెట్టి పెన్సిల్ తిప్పితే చాలు, వంపుకి అట్టలు ఆనించే పనే లేదు. నేనేమో ఆ తలుపుకి జిగురు పెట్టి మూసేశాను.

హీట్ గన్‌తో వేడిచేసి, పాత కత్తి దూర్చి విడదీయబోయాను. నాలుగో లిఫ్టు నారవెంట చీలింది. ఆ సాయంత్రమే పొయ్యిలో పెట్టాను.

ఇప్పటిదాకా: 31 గంటలు, 135 డాలర్లు, మోడళ్ళు సున్నా.

దశ 3: చీలలతో మళ్ళీ

పాత మోడళ్ళు చాలావాటిలో పైన్, సీడర్ ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. రంగు కోసమే అనుకునేవాణ్ణి. వెస్టర్న్ రెడ్ సీడర్ జాంకా 350. పైన్‌కి పక్కింటి మనిషే. రంగు వేరు, గట్టితనం ఒకటే. చెర్రీ బదులు అదే కొన్నాను.

జిగురు బదులు 3/8 అంగుళం గుండ్రటి కర్ర చీలలు. ఇక్కడ రెండు చిక్కులొచ్చాయి.

మొదటిది బెజ్జాలు. 11 లిఫ్టులు కలిపి ఐదున్నర అంగుళాలు. నా డ్రిల్ ప్రెస్ కిందికి దిగేది మూడంగుళాల లోపే. సగం ఒకవైపు నుంచి, సగం రెండోవైపు నుంచి వేస్తే మధ్యలో కలవలేదు, 1/32 అంగుళం ఎడం. చివరికి కుదిరిన పద్ధతి ఇది:

1. లిఫ్టులన్నిటికీ వెనక అంచు, అంటే ఓడ నడిమి గీత వైపు, చిత్రికపట్టి ఒకే సరళరేఖలోకి తేవాలి.
2. కింది నాలుగు లిఫ్టులు క్లాంపు చేసి మూడు బెజ్జాలు వేయాలి. ముందు, మధ్య, వెనక.
3. చీలలు దించి, వాటిపైన నాలుగో లిఫ్టునే గురిగా పెట్టుకుని తర్వాతి మూడింటికి వేయాలి.
4. అలాగే పైదాకా. ఒకేసారి లోతుగా వేయాలని ఆశపడొద్దు.

రెండోది చీల బిగువు. ఏప్రిల్‌లో వేలితో నెడితే దిగిన చీల జూన్ ఉక్కకి ఉబ్బి సుత్తికి కూడా కదల్లేదు. చీలలన్నీ బయటికి తీసి, డ్రిల్‌కి బిగించి తిప్పుతూ సాండ్ పేపర్‌తో 0.01 అంగుళం తగ్గించి, మైనం రుద్దాను. వదులైనదాన్ని పట్టి ఉంచడానికి వెనకనుంచి ఒక పలక పెట్టి, రెండు పొడుగు మరమేకులతో అన్నిటినీ కలిపి బిగించాను.

ఇప్పటిదాకా: 48 గంటలు, 182 డాలర్లు.

దశ 4: చెక్కడం

లిఫ్టు కోసేటప్పుడు పాటించాల్సింది ఒకటే. దాని పై గీత, కింది గీత రెంటిలో ఏది బయటికి ఉంటే దాని వెంబడి కోయాలి. ఓడ అడుగునుంచి పైకి వెడల్పవుతూ వస్తుంది కాబట్టి మామూలుగా పై గీతే బయటికుంటుంది. కానీ పైభాగంలో ఓడ పక్క కొంచెం లోపలికి వాలుతుంది. అక్కడ కింది గీత బయటికుంటుంది. నేను అలవాటుగా తొమ్మిదో లిఫ్టునీ పై గీత వెంబడే కోసి పారేశాను. చెక్క తీసేయొచ్చు గానీ అతికించలేం. కొత్త పలక, ఇంకో రెండు గంటలు.

చెక్కే వరస: మెట్లు పోయేదాకా వెడల్పు ఉలి, తర్వాత స్పోక్‌షేవ్ (రెండు పిడుల చిన్న చిత్రిక), చివర్న గట్టి చెక్కదిమ్మకి అంటించిన సాండ్ పేపర్. వేళ్ళతో పట్టుకుని రుద్దొద్దు, వేళ్ళున్నచోట గుంటలు పడతాయి. ప్రతి లిఫ్టు పై అంచునా పెన్సిల్‌తో నల్లగా గీసి, ఆ నలుపు సన్నటి దారంలా మిగిలేదాకా మాత్రమే తీశాను. నలుపు పోయిందంటే కొలత పోయినట్టే.

అణియం దగ్గర నాలుగు రోజులు పట్టింది. అణియం, అమరం అన్న మాటలు మా అమ్మమ్మ ఊరివైపువి, కోరంగి పక్క. ఓడ ముందు కొసకి, వెనక కొసకి ఇప్పటికీ పడవలవాళ్ళు అవే అంటారు. అక్కడా ఒకప్పుడు ఓడలు కట్టినవాళ్ళే. ఈ పని చేస్తుంటే ఇంగ్లిష్ మాటలకంటే అవే ముందు నోటికొస్తున్నాయి. సరే, విషయానికొస్తే, వేట ఓడ అణియం వేగం కోసం కట్టే క్లిప్పర్‌ ఓడలాగా కత్తి మొన కాదు, బుగ్గలు పూరించినట్టుంటుంది. నూనె పీపాలు పట్టాలి గానీ పందెం గెలవాల్సిన పని లేదు. ఆ బుగ్గ దగ్గర ఉలి నారకి అడ్డంగా తగులుతుంది. పైన్ పిండిలా నలిగి రాలింది. ఉలికి సాన పెట్టడమే మందు. 15 నిమిషాలకోసారి పట్టాను, ఆ తర్వాత పొరలు ఉల్లిపొట్టులా లేచాయి.

ఇక్కడ మొదటిసారి మిస్టిక్‌కి వెళ్ళాను, బుగ్గ ఎంత గుండ్రమో ప్లాను చూస్తే నమ్మబుద్ధి కాలేదు. రేవులో అణియం కింద నిలబడి పైకి చూస్తే ప్లానే కరెక్ట్. నేనే ఎక్కువ చెక్కేయబోతున్నాను.

ఇప్పటిదాకా: 74 గంటలు, పాత స్పోక్‌షేవ్‌తో కలిపి 220 డాలర్లు. గంటలు రాస్తుంటే గుర్తొచ్చింది: మోర్గన్ సగంలో ఉండగా, 1841 ఏప్రిల్ 19న యార్డు పనివాళ్ళు సమ్మె చేశారు. రోజుకి పది గంటలే పని ఉండాలని. యజమానుల పక్షాన మాట్లాడిన కమిటీకి అధ్యక్షుడు ఈ ఓడ సొంతదారు మోర్గనే. చివరికి పదిన్నర గంటలకి రాజీ కుదిరింది. ఆ లెక్కన నాది ఇప్పటికి ఏడు రోజుల పని.

దశ 5: విడదీసి చదవడం

మరమేకులు తీసి, చీలలు నెట్టి, 11 లిఫ్టులూ బల్లమీద వరసగా పెట్టాను. మొదటి మోడల్ మీద అట్టలతో రెండు సాయంత్రాలు పట్టి కూడా తేలని పని 40 నిమిషాల్లో అయింది.

1. లిఫ్టు వెనక అంచుని కాగితం మీది సరళరేఖకి ఆనించి అంచు చుట్టూ పెన్సిల్ తిప్పాలి. పెన్సిల్ నిటారుగా ఉండాలి, సన్నటి ములికి.
2. స్టేషన్ గీతలమీద సరళరేఖ నుంచి అంచు దాకా కాలిపర్‌తో కొలవాలి.
3. అంకెను 48తో గుణించి అడుగులు, అంగుళాలు, ఎనిమిదో వంతుల్లో రాసుకోవాలి.

5వ స్టేషన్ మళ్ళీ మూడుసార్లు: 2.70, 2.70, 2.71.

ఇక్కడ తొందరపడి ఒక లిఫ్టుని తిరగేసి గీశాను, అంటే పై అంచు బదులు కింది అంచు. పట్టికలో ఆ వరస మొత్తం తక్కువొచ్చింది. ప్రతి లిఫ్టు పైముఖం మీద అంకె రాయండి, వెనక్కాదు, పైన.

ఇప్పటిదాకా: 82 గంటలు, 220 డాలర్లు.

దశ 6: గ్యారేజీ నేలమీద ఒక్క ఫ్రేము

యార్డులో మోల్డ్ లాఫ్ట్ అని పెద్ద మేడగది ఉండేది. దాని నేలంతా పలకలు. మోడల్ అంకెల్ని అక్కడ అసలు సైజులో సుద్దతో గీసేవారు. నేను నడిమి స్టేషన్ ఒక్కటి గీద్దామనుకున్నాను. సగం వెడల్పు 13 అడుగుల 7 అంగుళాలు, ఎత్తు 22 అడుగుల లోపు. రెండు కార్ల గ్యారేజీ కాబట్టి పట్టింది, ఎత్తు చివర రెండడుగులు మాత్రం తలుపు దాటి బయటికెళ్ళింది.

చుక్కలు పెట్టాక వాటిగుండా వంపు గీయడానికి పొడుగాటి చెక్కబద్ద కావాలి. ముడుల్లేని పైన్ బద్ద, 3/8 అంగుళం మందం, ముప్పావు వెడల్పు. లాఫ్ట్‌లో బద్దకి అటూ ఇటూ మేకులు కొట్టి నిలబెట్టేవారు. నాది కాంక్రీట్ నేల. ఇటుకలు పెట్టి చూశాను, బద్ద తోసేసింది. చివరికి ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు ఐదు. నలుగురున్న ఇంట్లో ఐదు సంచులెందుకని అడక్కండి, సేల్‌లో కొన్నాం. మా ఆవిడ తలుపు తీసి చూసి, "ఏవండీ, రేపు పొద్దున్న అన్నం వండాలంటే ఓడ ఎక్కాలా?" అంది. సంచి బాగా పనిచేసింది, బరువు పరుచుకుని నేలని పట్టుకుంటుంది.

11 చుక్కల్లో తొమ్మిదింటిని బద్ద తాకింది. నాలుగో లిఫ్టు చుక్క దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. బలవంతంగా చుక్క మీదికి నెట్టి సంచి పెడితే పక్కన రెండుచోట్ల వంపు ఉబ్బింది. వదిలేస్తే చుక్కకి 1 1/8 అంగుళం బయటికి నిలిచింది. మోడల్ మీద అది 0.023 అంగుళం, ఆరు ప్రింటర్ కాగితాల మందం. ప్లాను చూస్తే బద్ద చెప్పిందే నిజం. నాలుగో లిఫ్టు దగ్గర ఎక్కువ రుద్దేశాను.

మిగిలిన చుక్క తొమ్మిదో లిఫ్టుది, అరంగుళం తేడా. అది మారుగా కోసిన పలక, కాబట్టి ఆశ్చర్యం లేదు.

ఈ దశకి ముందు నాకొక టెన్షన్ ఉండేది. పావు అంగుళం స్కేల్లో చేత్తో చెక్కిన ముక్క నుంచి వంద అడుగుల ఓడ ఎలా కడతారు, తప్పులన్నీ 48 రెట్లవుతాయి కదా అని. అవుతాయి. కానీ నేలమీద బద్ద ఆ తప్పుని పట్టేస్తుంది. మోడల్ ఓడ ఆకారం చెబుతుంది, చివరి అంకె చెప్పేది లాఫ్ట్. దిద్దిన అంకెని పట్టికలో ఎర్ర ఇంకుతో రాశాను.

ఇప్పటిదాకా: 93 గంటలు, 239 డాలర్లు. బియ్యం లెక్కలో వేయలేదు.

దశ 7: మూస, వాలు కోణం

ఫ్రేము ఒకే దూలం కాదు. వంపు తిరిగిన నాలుగైదు ముక్కల్ని జంట వరసల్లో, అతుకులు ఒకదాని పక్కన ఒకటి రాకుండా కలుపుతారు. ప్రతి ముక్కకీ పలచటి చెక్కతో అసలు సైజు మూస ఉంటుంది. నడిమి ఫ్రేముకి మూస సులువు. అందుకే దాన్ని వదిలి, అణియం వైపు 3వ స్టేషన్ గీసుకుని అందులో ఆరడుగుల ముక్క తీసుకున్నాను. పావు అంగుళం ప్లైవుడ్ మీద గీత దించి జిగ్‌సాతో కోశాను.

చిక్కు ఏంటంటే, అణియం దగ్గర ఓడ సన్నబడుతూ పోతుంది కాబట్టి ఫ్రేము బయటి ముఖం చతురస్రంగా ఉండదు, వాలుగా చెక్కాలి. ఆ కోణాన్ని లెక్కతో సాధిద్దామని నాలుగు గంటలు కూర్చున్నాను. ఏడో లిఫ్టు దగ్గర పక్క స్టేషన్‌తో తేడా 25 అంగుళాలు, మధ్య దూరం 8 అడుగులు, కోణం 14.6 డిగ్రీలు. కానీ ఆ ఎనిమిదడుగుల్లో కూడా ఓడ వంపు తిరుగుతూనే ఉంది కదా. అనుమానమొచ్చి లిఫ్టు తీసి, కోణం పట్టే బెవెల్ గేజి ఒక కాలు స్టేషన్ గీతమీద, రెండోది లిఫ్టు అంచుకి ఆనించాను. 19 డిగ్రీలు. పొడవులు 48 రెట్లవుతాయి గానీ కోణం కాదు. మోడల్ మీద 19 అయితే ఓడమీదా 19. నాలుగు గంటల లెక్క చిత్తుకాగితాల బుట్టలోకి.

ఒక జాగ్రత్త: పక్క గోడలా నిటారుగా ఉన్న ఎత్తులో ఇది సరిపోతుంది. అడుగువైపు గుండ్రంగా తిరిగేచోట గేజిని ఫ్రేము ముఖానికి లంబంగా పట్టాలి, విడదీసిన లిఫ్టు మీద అది కుదరదు. అక్కడ మోడల్‌ని మళ్ళీ కూర్చి కొలిచాను.

రెండోసారి మిస్టిక్ ప్రయాణం ఈ మూస కోసమే. ఓడ లోపల, బ్లబ్బర్ (తిమింగలం కొవ్వు) గదిలో, తల వంచుకుని తిరగాలి. అక్కడ కొత్త కలప పక్కనే పాతది కనిపిస్తుంది. 2008 నుంచి 2013 దాకా జరిగిన మరమ్మత్తుకి లైవ్ ఓక్ అనే గట్టి కలప దొరకడం కష్టమైంది. కత్రినా తుఫాను కూల్చిన చెట్లు కొన్ని తెచ్చారు. బోస్టన్‌లో చార్ల్స్‌టౌన్ పాత నేవీ యార్డు స్థలంలో పునాది తవ్వుతుంటే, ఒకప్పుడు ఓడల కోసం దాచి మరిచిపోయిన దూలాలు బయటపడ్డాయి, అవి కూడా వాడారు. వంపు తిరిగిన ముక్క కావాలంటే వంపు తిరిగిన చెట్టే కావాలి. నిటారు దూలాన్ని వంపుగా కోస్తే నార మధ్యలో తెగి అక్కడే విరుగుతుంది. అందుకే 1790ల్లో అమెరికా ప్రభుత్వం ఫ్రిగేట్‌లనే యుద్ధనౌకల కోసం మూసలు చేయించి జార్జియా అడవులకే పంపింది. గొడ్డళ్ళవాళ్ళు చెట్టుమీద మూస ఆనించి చూసి కొట్టేవారు. ఆ అడవుల్లో జ్వరాలకి చాలామంది మంచం పట్టారు.

మా వీధి చివర గాలివానకి ఓక్ కొమ్మ ఒకటి విరిగి పడింది. లైవ్ ఓక్ కాదు, మామూలు ఎర్ర ఓక్. ఇంటాయన్ని అడిగి, ప్లైవుడ్ మూస భుజాన వేసుకెళ్ళి కొమ్మకి ఆనించాను. పైనుంచి రెండడుగుల దాకా అతికినట్టు కలిసింది. అక్కణ్ణుంచి కొమ్మ నిటారైంది, మూస వంగింది, చివరికొచ్చేసరికి నాలుగంగుళాల ఎడం. తిరగేసి చూశాను, ఇంకా ఎక్కువ. శనివారం చెట్లవాళ్ళు వచ్చి ముక్కలు చేస్తారట, కొమ్మ మానుని కలిసే ఆ మెడ భాగం మాత్రం కోయకుండా ఉంచమని చెప్పొచ్చాను. అక్కడ వంపు ఎక్కువుంది, మూస ఇంకా ఆనించి చూడలేదు.

ఇప్పటిదాకా: 105 గంటలు, 263 డాలర్లు, విడదీయగలిగే మోడల్ ఒకటి, మూస ఒకటి, ఫ్రేములు సున్నా.